ఫుల్ అన్న విమానంలో ఒక సీటు

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. డైరీని నేను లేనప్పుడు ఎవరైనా తీసి చదువుతారేమోనన్న అనుమానం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక విమానాల కంపెనీ కౌంటర్‌లో పనిచేసే రోజుల్లో, ఒక సాయంత్రం, మా మేనేజర్ నా పక్కనే నిలబడి ఉండగా, ఆయన చెప్పమన్నదానికి పూర్తిగా ఎదురు మాట ఒక ప్రయాణికురాలికి చెప్పాను. నవ్వు ముఖంతో చెప్పాను. ఆయన నా నవ్వు చూసి, తన మాటే చెబుతున్నాననుకుని తల ఊపాడు.

ఆ సంగతికి వస్తాను. ముందు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్పాలి.

నేను రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు. "జుట్టు నెరవనే లేదు, గప్పుడే పింఛనా?" అంటుంది మా అవ్వ. కానీ ఆ ఉద్యోగం వదిలేశాను, మళ్ళీ అందులోకి వెళ్ళను. కాబట్టి రిటైరైనట్టే. ఇప్పుడు జడ్చర్లలో ఒక డిగ్రీ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏటా ఇద్దరో ముగ్గురో అమ్మాయిలు నా దగ్గరికొచ్చి, "అక్కా, గ్రౌండ్ స్టాఫ్ కోర్సుల చేరుతున్న, గా పని ఎట్లుంటది?" అని అడుగుతారు. నాకు ఎదురుగా మాట్లాడటం రాదు. "మంచిగనే ఉంటది" అని తల దించుకుంటాను. వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక చెప్పాల్సిందంతా గుర్తుకొస్తుంది. లిప్‌స్టిక్ ఏ రంగు వేయాలో, జుట్టు ఎలా ముడవాలో కోర్సులోనే నేర్పుతారు. సీటు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నేను అది చెబుతాను.

సీటు అంటే ఏమిటి

మా జడ్చర్ల బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాళ్ళు పడతాయి, మేం దస్తీలంటాం. లోపల మనిషి లేకపోయినా ఆ సీటు ఆ దస్తీ వేసినవాళ్ళదే. వాళ్ళు తీరిగ్గా చాయ్ తాగి, పక్కూరి మనిషితో నాలుగు మాటలు మాట్లాడి ఎక్కుతారు. ఎవరైనా దస్తీ పక్కకు తోసి కూర్చుంటే బస్సంతా ఒక్కటై, "దస్తీ కనవడ్తలేదా?" అని అడుగుతుంది. దస్తీ లేనివాళ్ళు సంచీ వేస్తారు. నేను చదువుతున్న నవల వేసేదాన్ని. అలా ఒకసారి సీటు దొరికింది కానీ నవల దొరకలేదు. ఇక ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "జర జరుగుండ్రి" అంటే జరుగుతారు. గొణుగుతారు, కానీ జరుగుతారు.

విమానంలో జరగడం ఉండదు. ఎన్ని సీట్లుంటే అంతమందే. అయినా కంపెనీలు అంతకంటే ఎక్కువ టికెట్లు అమ్ముతాయి. పొరపాటున కాదు, తెలిసే అమ్ముతాయి. కొన్నవాళ్ళలో ప్రతిసారీ కొందరు రారు. ఒకరికి జ్వరం వస్తుంది, ఒకరి మీటింగు రద్దవుతుంది, ఒకరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. విమానం లేచాక ఖాళీ సీటును ఎవరికీ అమ్మలేరు. అందుకని రానివాళ్ళు ఎందరుంటారో ముందే అంచనా కట్టి, వాళ్ళ సీట్లను కూడా ముందే అమ్మేస్తారు. పెళ్ళికి పిలిచినవాళ్ళంతా రారని తెలిసిన వంటమనిషి బియ్యం కాస్త తగ్గించి పోసినట్టే. ఒక్క తేడా ఉంది. పెళ్ళిలో అన్నం తక్కువ పడితే ఆడపిల్ల తండ్రి పంక్తి మధ్యకొచ్చి చేతులు జోడిస్తాడు. ఇక్కడ లెక్క కట్టినవాళ్ళు ఎక్కడో దూరపు నగరంలో, చల్లటి గదిలో ఉంటారు. చేతులు జోడించేది కౌంటర్‌లో నిలబడ్డ అమ్మాయి.

ఇంటర్నెట్‌లో టికెట్ కొనేటప్పుడు "ఇంకా రెండే సీట్లు ఉన్నాయి" అని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది కదా. ఆ ధరకు రెండే ఉన్నాయని దాని అర్థం. విమానం సగం ఖాళీగా ఉండొచ్చు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ఒకే రకం సీటుకు వేరువేరు ధరలు కట్టి ఉంటారు. ఆ అక్షరాలు అబద్ధం చెప్పవు. సగం చెప్పి ఊరుకుంటాయి. నేను ఆ ఉద్యోగంలో మొదట నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత నాకు ఏ స్క్రీన్ మీదా నమ్మకం కుదరలేదు.

మాటల మీద అనుమానం

మా మేనేజర్ వేరే రాష్ట్రం ఆయన. హిందీ, ఇంగ్లిషు మాట్లాడేవాడు. తెలుగులో "నమస్కారం, లేదు, రేపు" తప్ప రాదు. ఎప్పుడూ మంచి సెంటు వాసన వేసేవాడు, ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. చేరిన వారంలోనే మాకు మాటలు నేర్పాడు. "సీటు అమ్మేశాం" అనకూడదు, "సీటు కేటాయింపు గేటు దగ్గర జరుగుతుంది" అనాలి. "మిమ్మల్ని ఎక్కనివ్వం" అనకూడదు, "మీకోసం రేపటి విమానంలో సౌకర్యం చేస్తున్నాం" అనాలి. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు అనుమానం వచ్చేది. మాట ఎంత మెత్తగా ఉంటే దాని వెనుక అంత గట్టిది ఏదో ఉన్నట్టు.

ఆయన తర్వాత మాకు పెద్ద, ప్రమీల మేడం. మా షిఫ్టు సూపర్‌వైజర్. ఆమె ఇంగ్లిషు మాట్లాడితే ఇంగ్లిషు చదివినట్టుండేది, తెలుగు మాట్లాడితే టీవీలో వార్తలు చదివినట్టుండేది. మా అమ్మాయిల్లో ఎవరైనా పొరపాటున "గట్ల గాదు మేడం" అంటే, "అలా కాదు అనండి" అని దిద్దేది. నవ్వేది కాదు. మేనేజర్ చెవిలో ఏదో చెప్పేది, ఆయన మా వైపు చూసేవాడు. ఆమె కోస్తా వైపు మనిషని, మమ్మల్ని మోటువాళ్ళ కింద చూస్తుందని, మా మాటలన్నీ ఆయనకు చేరవేస్తుందని నేను నిశ్చయించుకున్నాను. స్టాఫ్ రూములో ఆమె ఉంటే పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒప్పుకునేవాళ్ళు

న్యాయంగా చెప్పాలంటే చాలా రోజులు ఏ గొడవా ఉండేది కాదు. ఎక్కువ అమ్మిన రోజు కూడా ఎక్కువైనంతమంది రాకుండా ఆగిపోయేవారు, అందరూ ఎక్కేవారు, ఎక్కువ అమ్మారన్న సంగతి మాకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నిజంగా సీట్లు తక్కువ పడినప్పుడు చేయాల్సిన పద్ధతి ఒకటుంది. ముందు అందరినీ అడగాలి: ఎవరైనా ఇష్టంగా తర్వాతి విమానానికి మారతారా, మారితే మేం ఇది ఇస్తాం, అని. ఎవరూ ఒప్పుకోకపోతేనే ఒకరిని ఆపాలి. అలా ఆపితే నష్టపరిహారం ఇవ్వాలి.

ఒప్పుకునేవాళ్ళు నిజంగానే ఉంటారు. ఒకసారి బెంగళూరు విమానానికి ఇలాగే అడిగితే, ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకున్న ఒక అబ్బాయి లైను చివరి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "నేను ఆగుత మేడం! నన్నే ఆపుండ్రి!" అన్నాడు. వెంటనే ఫోన్ తీసి, ఏడుపు గొంతు పెట్టి, "సార్, ఫ్లైట్ల సీటు లేదంటున్నరు సార్. ఏం జేయమంటరు సార్, నేనైతె మస్తు కొట్లాడుతున్న" అన్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, "హోటల్ల బిర్యానీ ఉంటదా?" అని అడిగాడు. ఆ రోజు కౌంటర్ వెనుక అందరం నవ్వాం. ప్రమీల మేడం మాత్రం నవ్వలేదు.

అందుకే ఎక్కువ అమ్మడమే పాపమని నేను అనను. అడిగే పద్ధతి అడిగినట్టు నడిస్తే ఎవరికీ అన్యాయం జరగదు. అడగకుండా, ముఖాలు చూసి మనుషుల్ని ఎంచుకోవడంతోనే అన్యాయం మొదలవుతుంది.

నన్నే ఎందుకు పంపేవారు

ముఖాలు చూడటం అంటే ఏమిటో నాకు ఆలస్యంగా అర్థమైంది. సీట్లు తక్కువ పడిన రోజు మేనేజర్ లైను పక్కన నెమ్మదిగా నడిచేవాడు. సూటు వేసుకున్నవాళ్ళను, ఇంగ్లిషులో గట్టిగా మాట్లాడేవాళ్ళను, ఫోన్ ఎత్తి వీడియో తీసేలా ఉన్నవాళ్ళను దాటిపోయేవాడు. మొదటిసారి విమానం ఎక్కుతూ, టికెట్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నవాళ్ళ దగ్గర ఆగేవాడు. తర్వాత నా దగ్గరికొచ్చి హిందీలో అనేవాడు: "స్వరూపా, వాళ్ళు మీ వైపువాళ్ళే. నువ్వు చెబితే వింటారు."

నిజంగానే వినేవారు. "అమ్మా, జర కూసో. ఇయ్యాల జాగ లేదట. రేపు పొద్దుగాల పంపిస్తరు" అని నేను మెల్లగా చెబితే, మహబూబ్‌నగర్ పెద్దమనిషైనా, దేవరకొండ అవ్వైనా, "గట్లనా బిడ్డా, సరే తీయ్" అనేవారు. తమ యాస విని నన్ను ఇంట్లో మనిషి అనుకునేవారు. రెండుసార్లు నన్ను మెచ్చుకుంటూ నోటీసు బోర్డులో పేరు పెట్టారు. నా పనితనానికి అనుకున్నాను. తర్వాత అనుమానం పట్టుకుంది. నేను నేర్చుకున్న కంప్యూటరు కాదు వాళ్ళకు పనికొచ్చింది. నా భయం, నా మెత్తటి గొంతు, మా బాపు దగ్గర నేర్చుకున్న నా మాట. ఇంకెక్కడైనా దాచుకోమనే ఆ యాసను, మనుషుల్ని ఇంటికి తిప్పి పంపేటప్పుడు మాత్రం వాడమనేవారు.

పట్టీ స్తంభానికి దస్తీ

ఆ రోజు ఢిల్లీ విమానం. వరుస సెలవుల ఆఖరి రోజు. రాకుండా ఉండేవాళ్ళు ఎవరూ ఉండరని మధ్యాహ్నానికే తెలిసిపోయింది. కౌంటర్ తెరవడానికి వెళ్ళేసరికి, లైను కట్టడానికి పట్టీలు బిగించిన స్తంభాల్లో మొట్టమొదటి దానికి ఒక దస్తీ కట్టి ఉంది. తెల్లది, ఎర్ర అంచు, చేతిమగ్గం గళ్ళు. నారాయణపేట వైపుదని చూడగానే తెలిసింది.

అక్కడున్నవాళ్ళలో ఎవరికీ అదేమిటో అర్థం కాలేదు. ఒకాయన దానితో కళ్ళద్దాలు తుడుచుకోబోయి ఆగాడు. నాకు మాత్రం చూడగానే అర్థమైంది. ఎవరో అందరికంటే ముందు వచ్చారు, కౌంటర్ తెరవలేదు, వరుసలో మొదటి చోటు తమదని దస్తీ కట్టి పక్కకు వెళ్ళారు. బస్టాండులో అయితే ఆ దస్తీని దాటి ఎవరూ పోరు. ఇక్కడ సూట్‌కేసులన్నీ దాన్ని ఒరుసుకుంటూ ముందుకొచ్చాయి. "ఈ దస్తీ ఎవరిది?" అని అడిగాను. నా గొంతు నా కౌంటర్ దాటి వెళ్ళలేదు.

లైను చివరికి వచ్చేసరికి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. ముందు దస్తీ వైపు చూసింది, తర్వాత ఖాళీ అయిపోయిన లైను వైపు చూసింది. "అక్కా, నేను పొద్దుగాలనే వచ్చిన. దస్తీ గిట్ల కట్టిన. మా బాపోళ్ళు బయట అద్దం కాడ ఉన్నరు, గాల్లతోని మాట్లాడుకుంట ఉన్న" అంది. లోపలికి టికెట్ ఉన్నవాళ్ళనే రానిస్తారు కాబట్టి, తండ్రి బయట, ఆమె లోపల, మధ్యలో అద్దం. దస్తీ ఉంది కదా అన్న ధైర్యంతో ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఆమె పేరు ఎస్తేరు. నారాయణపేట దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూలి పనికి వెళతారు. వాళ్ళ వాడలో నర్సింగ్ చదివిన మొదటి పిల్ల. ఢిల్లీలో ఒక పెద్ద సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగానికి పేరు వచ్చింది. మర్నాడు పొద్దున అసలు సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళి చూపించాలి. వెళ్ళకపోతే జాబితాలో ఆమె తర్వాతివాళ్ళకు ఆ ఉద్యోగం పోతుంది. ఇదంతా నేను అడగకుండానే చెప్పింది. సర్టిఫికెట్ల ఫైలును చంటిపిల్లలా గుండెకు ఆనించుకుని ఉంది.

టికెట్ ఊళ్ళో నెట్ సెంటర్ అతను తీశాడు. ఇంటి దగ్గరే ఫోన్‌లో సీటు నంబరు తీసుకోవచ్చని, అలా తీసుకున్నవాళ్ళనే ముందు వచ్చినట్టు లెక్కవేస్తారని అతను చెప్పలేదు. ఆమె ఎయిర్‌పోర్టుకు అందరికంటే ముందు వచ్చింది. కంప్యూటరు లెక్కలో అందరికంటే ఆఖరున వచ్చింది. నేను ఆమె పేరు కొడితే బోర్డింగ్ పాసు మీద సీటు నంబరు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది.

స్క్రీన్ మీద ఒక్క సీటు మాత్రం మిగిలి ఉంది. పన్నెండో వరుసలో కిటికీ పక్కది. దాని మీద అడ్డగీతలు ఉన్నాయి, అంటే పాడైన సీటు, ఎవరికీ ఇవ్వకూడదు. అలాంటివి అప్పుడప్పుడు కనిపిస్తాయి. నేను నమ్మాను.

సెంటు వాసన ముందు వచ్చింది, తర్వాత మేనేజర్ వచ్చాడు. ఎస్తేరు చెప్పుల వైపు, ఫైలు వైపు చూశాడు. ఎవరైనా ఇష్టంగా ఆగుతారా అని ఆ రోజు ఒక్కరినీ అడగలేదు. నా ముందు ఒక కాగితం పెట్టాడు. ప్రయాణికురాలు తన ఇష్టంతోనే మర్నాటి విమానానికి మారుతున్నట్టు అందులో ఉంది. ఆమె దాని మీద సంతకం పెడితే కంపెనీ ఆపినట్టు కాదు, ఆమే ఆగినట్టు.

"మీ వైపు అమ్మాయే. నీ భాషలో చెప్పు" అన్నాడు హిందీలో. నా పక్కనే నిలబడ్డాడు. రెండో కౌంటర్ దగ్గర ప్రమీల మేడం తల వంచుకుని ఏదో కొడుతోంది.

నేను కాగితాన్ని ఎస్తేరు వైపు జరిపాను. నాకు నేర్పిన నవ్వు నవ్వాను. పెద్దవాళ్ళను ఒప్పించే గొంతుతోనే అన్నాను:

"చెల్లే, నగుకుంట విను. గా కాయితం ముట్టకు. ఒప్పుకుంటలేనని చెప్పు. కూసోమంటె కూసోకు, ఈన్నుంచి కదలకు. నేను గిట్ల చెప్పిన్నని ఎవ్వరికి చెప్పకు."

ఎస్తేరు నవ్వలేదు. నన్ను కళ్ళార్పకుండా చూసింది. ఏదైనా మోసమేమోనని ఆమె కూడా నన్ను అనుమానిస్తోందని తెలిసింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ అనుమానించేదాన్నే.

"ఏమంటోంది?" అన్నాడు మేనేజర్.

"ఆలోచించుకుంటుందట సార్."

"త్వరగా ఆలోచించుకోమను."

అంతలో వీల్‌చెయిర్‌లో ఒక ముసలామె వస్తే నన్ను అటు పంపారు. తిరిగి చూసేసరికి ఎస్తేరు కౌంటర్ ముందు లేదు. ఒప్పుకుని వెళ్ళిపోయిందనుకున్నాను. కానీ కాగితం సంతకం లేకుండా అక్కడే ఉంది. కాసేపటికి మంచినీళ్ళ కుళాయి వైపు నుంచి వచ్చింది. ముఖం కడుక్కుని ఉంది. తిన్నగా మేనేజర్ ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయనకు తెలుగు అర్థం కాదని గ్రహించినట్టుంది, నర్సింగ్ కాలేజీ హిందీలో మొదలుపెట్టి, కోపంలో మన మాటలోకి వచ్చేసింది.

"నేను ఒప్పుకుంటలేను సార్. పన్నెండో లైన్ల కిటికీ పక్కన సీటు ఖాళీ పెట్టిన్రు గదా. ఎవ్వరి కోసం పెట్టిన్రు? గది పాడైందా? పాడైతె నేను పాడైన సీట్లనే కూసుంట. నాకేం కాదు. నేను లారీ మీద కూసోని పరీక్షకు పోయినదాన్ని!"

ఇతర కౌంటర్ల లైన్లు కూడా ఇటు తిరిగాయి. ఒకతను నవ్వాడు. ఇంకొకతను ఫోన్ పైకెత్తాడు. మేనేజర్ ముఖం మారలేదు కానీ మెడ ఎర్రబడింది. ఆమె కంటే ముందు నన్ను చూశాడు. పన్నెండో వరుస సంగతి కౌంటర్ లోపలివాళ్ళకు తప్ప తెలియదు. నేను చెప్పలేదు. అది నిజంగా పాడైందనే నేను అనుకున్నాను. ఆ అమ్మాయికి ఎవరు చెప్పినట్టు?

అప్పుడు ప్రమీల మేడం లేచి వచ్చింది. వార్తలు చదివే గొంతుతో, ఇంగ్లిషులో, "సార్, ఆ సీటు బాగైందని ఇంజినీర్లు ఇప్పుడే చెప్పారు" అంది. ఆయన జవాబు కోసం ఆగలేదు. మీటలు నొక్కింది. అడ్డగీతలు పోయాయి. బోర్డింగ్ పాసు తీసి ఎస్తేరు చేతిలో పెట్టి, "త్వరగా వెళ్ళండి" అంది. ఎంత తెలివిగా మేనేజర్ పరువు కాపాడింది, అనుకున్నాను నేను.

ఎస్తేరు రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది. స్తంభానికి ఉన్న దస్తీ విప్పి నా చేతిలో పెట్టింది. "మా బాపుది అక్కా. బయట ఉన్నడు, ఇయ్యి" అని పరుగు తీసింది.

టీ విరామంలో బయటికి వెళ్ళాను. అద్దం దగ్గర సన్నటి మనిషి, పక్కన భార్య, టిఫిన్ డబ్బా. దస్తీ చూడగానే ఎదురొచ్చాడు.

"బిడ్డా, మా పిల్లకు సీటు దొర్కిందా?"

"దొర్కింది నాయినా. కిటికీ పక్కన."

ఆయన భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? విమానం కాడ దస్తీ ఏంది, నగుతరు అన్నవు. దస్తీ ఏస్తె ఎవ్వడు కూసోడు. యాడనన్న గంతే!"

ఆమె, "సాల్‌తీయ్, గొప్ప" అని కళ్ళు తుడుచుకుంది. ఆ దస్తీ ఏమీ చేయలేదని నేను చెప్పలేదు.

గేటు మూసేశాక తెల్లచొక్కా మనిషి ఒకడు, వెనుక ఇద్దరితో వచ్చి, మేనేజర్ ఎక్కడని అరిచాడు. మేనేజర్ లోపలి గదిలో చాలాసేపు ఫోన్ మాట్లాడాడు. పన్నెండో వరుస సీటుకు ఏ రోగమూ లేదని, ఆ తెల్లచొక్కా కోసమే దాన్ని ఆపి పెట్టారని నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత

నెల తిరగకుండానే నన్ను కౌంటర్ నుంచి తీసి, పోయిన సామాను విభాగంలో వేశారు. కారణం చెప్పలేదు. అక్కడ అరుపులు ఎక్కువ, కానీ ఎవరినీ ఒప్పించి ఇంటికి పంపే పని లేదు. నాకు నష్టమేమీ కాలేదు. అయితే ఆ ప్రశ్న మాత్రం పోలేదు. ఎస్తేరుకు సీటు సంగతి చెప్పింది ఎవరు? ఊడ్చే ఆమెను అనుమానించాను. మేనేజర్ అంటే గిట్టని పక్క షిఫ్టు అతన్ని అనుమానించాను. ఒక దశలో, నన్ను పరీక్షించడానికి మేనేజరే అదంతా ఆడించాడేమోనని కూడా అనుకున్నాను. ఆ ఉద్యోగం మనిషిని అలా చేస్తుంది. ఇంటికి వచ్చి అవ్వ "అన్నం అయిపోయింది" అంటే కూడా గిన్నె మూత తీసి చూసేదాన్ని.

ఎస్తేరు ఉద్యోగంలో చేరింది. ఒకే ఒకసారి కంపెనీ ఆఫీసు అడ్రసుకు కార్డు వచ్చింది, తెల్ల యూనిఫాంలో ఫోటోతో. కౌంటర్‌లోని అక్కకు అని మాత్రమే రాసింది. నా పేరు ఆమెకు తెలియదు. అది ఎవరికో అర్థం కాక బోర్డు మీద గుచ్చారు.

ఈ పనిలో చేరబోయే అమ్మాయిలకు నేను చెప్పేది ఇంతే. మీ స్క్రీన్‌ను నమ్మకండి. పాడైన సీటు అని కనిపిస్తే, ఎప్పుడు పాడైందని అడగండి. ఇష్టంగా ఆగేవాళ్ళెవరని ముందు అందరినీ అడిగించండి, ఆ మాట మైకులో పలకండి. మీ గొంతును మెచ్చుకుంటే, దాన్ని దేనికి వాడుతున్నారో చూసుకోండి. ఇంకొకటి కూడా చెప్పాలి. నేను అనుమానించినవన్నీ నిజం కాలేదు. ఆ సంగతి నాకు ఆఖరి రోజున తెలిసింది.

కరోనా తర్వాత జీతాలు కోసి, మనుషుల్ని తగ్గించి, ముగ్గురి పని ఒకరితో చేయించడం మొదలైంది. అప్పుడు మానేశాను. స్టాఫ్ రూములో చిన్న కేకు కోశారు. బయటికి వస్తుంటే ప్రమీల మేడం కారు ఆపింది. "స్వరూప గారూ, శంషాబాద్‌లో దింపుతాను, ఎక్కండి" అంది. భయంగానే ఎక్కాను. మహబూబ్‌నగర్ బస్సులు ఆగే చోట నాతోపాటు తనూ దిగింది. మెడలో కంపెనీ స్కార్ఫ్ అలాగే ఉంది.

"ఆ నర్సమ్మాయి గుర్తుందా?" అంది.

"ఏ అమ్మాయి మేడం?" అన్నాను.

ఆమె నవ్వింది. అన్నేళ్ళలో ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి. "నాతోని గూడ గట్లనే చెప్తవా? మాది నార్కట్‌పల్లి. మా నాయినది హైవే మీద చాయ్ హోటల్. బస్సులల్ల దస్తీలు ఏసుకుంటనే పెద్దగైన. నువ్వు గా పిల్లతోని ఏమన్నవో నాకు తెల్వదనుకున్నవా?"

మరి మమ్మల్ని ఎందుకు దిద్దేవారు, మీ మాటను ఇన్నేళ్ళూ ఎక్కడ దాచారు అని అడగాలనుకున్నాను. అంతలో బస్సు వచ్చింది. నిండుగా ఉంది. జనం తలుపు దగ్గర ఎగబడ్డారు. నేను ఎప్పటిలాగే వెనక నిలబడ్డాను. ప్రమీల మేడం మెడలోని స్కార్ఫ్ ముడి లాగి విప్పింది, ఎత్తు మడమల చెప్పులతోనే కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఎవరో దిగడానికి లేచిన సీటు మీదికి దాన్ని విసిరింది. ఆయాసపడుతూ నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పింది సగమే పిల్లా. సీటు సంగతి నేను చెప్పిన, నీళ్ళ కాడికి తీస్కపోయి. ఇగ ఎక్కు, ఎవలన్న కూసుంటరు."